రిలీవర్ వచ్చేదాకా

చావింట్లో ఆఫ్‌సైడ్ గురించి గొడవ పెట్టుకున్నది నేనే. అందుకు సిగ్గుపడను. పోయినాయన లేచి కూర్చోగలిగితే ఆ గొడవకి తనే అధ్యక్షత వహించేవాడు.

భిలాయ్ స్మృతి నగర్‌లో వాళ్ళింటి వరండాలో ఆయన్ని పడుకోబెట్టారు. కూతురు రాయ్‌పూర్ నుంచి రావాలి. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, చావింట్లో అనుకోవలసిన మాటలన్నీ అనేసుకుని, ఇంకేం మిగలక నేల చూస్తున్నాం. నా పక్కన బెంగాలీ దాదా, ఆయన పక్కన సూరిబాబు. మా టిఫిన్ షాపులో రోజూ సాయంత్రం ఫుట్‌బాల్ కోసం చేరే బృందంలో ఇద్దరూ పాతకాపులు. పోయినాయన ఆ బృందానికి నాయకుడు.

దాదా నా చెవి దగ్గరికి వంగాడు. పడుకున్నాయనకి వినపడకూడదన్నంత నెమ్మదిగా, "దీదీ, ఆ రోజు మ్యాచ్‌లో చివర్న మన మీద పడిన గోలు సరైన గోలేనా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే సూరిబాబు, "ఏటి సరైన గోలు. సాఫ్ ఆఫ్‌సైడు అది," అనేశాడు.

నేను నెమ్మదిగా తల తిప్పాను. "ఏమయ్యా సూరిబాబూ, ఆ రోజు నువ్వు సమ్మెలో ఉన్నావు కదా. టీవీకి వీపు పెట్టి కూర్చున్నావు కదా. ఆఫ్‌సైడని నీకెలా తెలిసింది?"

"మా అల్లుడు చెప్పేడు."

"అల్లుడు చెప్పాడా, ఫోన్లో చూశావా?"

"ఇప్పుడెందుకు దీదీ, శవం ముందు ఈ మాటలు."

"శవం ముందే తేలాలి. సమ్మె ఎవరిదనుకున్నావు?"

"గద్దార్," అన్నాడు దాదా. ద్రోహి అని తిట్టడానికి అవకాశం దొరికిన తృప్తి ఆయన ముఖంలో కనిపించింది.

నా గొంతు లేచిందనుకుంటాను. లోపల్నుంచి పిన్ని, అంటే పోయినాయన భార్య, గుమ్మం దాకా వచ్చింది. నేను తగ్గాను. ఆవిడ మా ముగ్గురినీ చూసి, "కానీండమ్మా. పొద్దుట్నించీ ఇల్లు మరీ మూగబోనాది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన పేరు రాయను. అచ్చులో పేరు చూసుకోవడం నాయకుల జబ్బు అనేవాడు. పైగా ఒక్క అక్షరం తప్పు పడితే ఎక్కడున్నా షోకాజ్ నోటీసు పంపగలడు. నేను బాబాయ్ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు, మా మామగారిది విజయనగరం వైపు. భిలాయ్‌లో ఆ మాత్రం దగ్గరితనం రక్తసంబంధం కిందే లెక్క. ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఎప్పుడు పుట్టాడు, ఏం చదివాడు, యూనియన్‌లో తిరిగి ఎన్ని ప్రమోషన్లు పోగొట్టుకున్నాడు అన్నవి వాళ్ళబ్బాయినడిగితే చెబుతాడు. నాకు తెలిసింది మా షాపులో మూల కుర్చీ, వేసవిలో కూడా మెడ దిగని మఫ్లరు, మ్యాచ్ మొదలయ్యేముందు ఆయన గొంతు సవరించుకునే తీరు.

సెక్టర్ 4 మార్కెట్‌లో ఉన్న ఆ షాపు మామగారు పెట్టింది. రాజనీతి శాస్త్రంలో ఎమ్మే చేసి ఇడ్లీలు అమ్ముతున్నానని మా అక్కచెల్లెళ్ళకి కాస్త చిన్నతనం. చదువు వృథా కాలేదని నిరూపించడానికి నేను వచ్చినవాళ్ళందరితోనూ వాదిస్తుంటాను. బాబాయ్‌కి నచ్చిన గుణం అదొక్కటే. మా సాంబారు ఆయనకి నచ్చేది కాదు.

ప్లాంటులో షిఫ్టు ఎక్కేముందు అందర్నీ నిలబెట్టి ఆ రోజు పొంచి ఉన్న ప్రమాదాలేమిటో చెబుతారు. బాబాయ్ ఆ అలవాటుని రిటైర్‌మెంట్ రోజున గేటు దగ్గర వదిలిపెట్టి రాలేదు. మన దేశం జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కీ ముందు లేచి నిలబడేవాడు.

"ఇవాళ ముఖ్యమైన ప్రమాదం ఆశ," అనేవాడు. "ఫస్ట్ హాఫ్‌లో మనోళ్ళు బాగా ఆడతారు. అప్పుడు కొందరు కుర్చీలెక్కుతారు. పైన ఫ్యానుంది. సెకండ్ హాఫ్‌లో దిగడం కష్టమైపోద్ది. దాదా, మీకే చెప్తన్నాను."

ఆట జరుగుతున్నంతసేపూ గ్లాసుతోనే టీ తాగేవాడు. మన జట్టు ఒక గోలు ముందుంటేనే సాసర్‌లో పోసుకునేవాడు. ముందంజ పోగానే సాసర్ కింద పెట్టేసేవాడు, మధ్యలో ఉన్నా సరే. ఆయన కోసం మంచి పింగాణీ సాసర్ల సెట్టు కొన్నాను. కొన్ననాటి మెరుపు ఇంకా పోలేదు. మన జట్టు ఆటతీరు గురించి ఇంతకంటే పెద్ద వ్యాసం అక్కర్లేదు.

ఓడినప్పుడల్లా మర్నాడు ఎంక్వైరీ. ప్లాంటులో ఎవరికైనా దెబ్బ తగిలితే కమిటీ కూర్చున్నట్టే నా షాపులో కూర్చునేవాళ్ళు. ఒకసారి పటంలో వెతికితే మా దుర్గ్ జిల్లా అంత కూడా కనపడని దేశం చేతిలో మనవాళ్ళు ఓడారు. గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారింది. సూరిబాబు వాడిని తీసెయ్యాలన్నాడు. దాదా కోచ్‌ని తీసెయ్యాలన్నాడు.

"గోలీ ఆఖరి మనిషి," అన్నాడు బాబాయ్. "నిచ్చెన మీంచి మనిషి పడితే నిచ్చెన ఎవడెట్టేడో అడుగుతాం గానీ పడినోడ్ని అడుగుతావేటి, ఎంచేత పడ్డావని? బంతి గోలీ దగ్గరకొచ్చీసరికి అప్పటికే పదిమంది తప్పు చేసేరు. ఆ పదిమంది ఎనకాతల ఇంకెంతమందున్నారో సూడాల."

"గోలు ఎదురుగా ఉంటే బంతిని ఆకాశానికి తన్నిన ఫార్వర్డ్ వెనకాల ఎవరున్నారు?" అన్నాను నేను.

"ఆడి క్లబ్బులో ఆ జాగాలో ఫారినోడు ఆడతాడమ్మా. మనోడు బెంచీ మీద కూకుంటాడు. ఏడాదంతా బెంచీ మీద కూకున్నోడికి గురి ఎలగొస్తాది?"

"అంటే ఎవరూ దోషులు కారన్నమాట."

"నువ్వు అసమ్మతి నోటు రాసుకో. ఎంక్వైరీ క్లోజు."

ఇలాంటి మనిషి చెవిన ఆ కబురు పడింది. మన క్లబ్బులు ఆడే లీగు ఆగిపోయిందని. నడిపేవాళ్ళకీ ప్రసారం చేసేవాళ్ళకీ ఒప్పందం కుదరక సీజను మొదలవ్వలేదు. క్లబ్బులు కొన్ని ఆటగాళ్ళని ఇంటికి పంపేశాయి. ఒక ఆటగాడు తన ఇంటి డాబా మీద ఒక్కడే బంతితో గెంతుతూ, మమ్మల్ని ఆడనివ్వండి చాలు అని ఫోన్లో వీడియో పెట్టాడు. దాదా చూపించాడు. బాబాయ్ అది మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

"పని చేస్తామని పనోళ్ళు బతిమాలుకుంటన్నారు," అన్నాడు చివరికి. "గేటు మూసీసేరు. దీన్నేటంటారు?"

"లాకౌట్," అన్నాడు సూరిబాబు. ఆ రోజు వాడి నోట వచ్చిన సరైన మాట అదొక్కటే.

మర్నాడు బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. కౌంటరు ముందు నిలబడి, "మేడమ్‌గారూ," అన్నాడు. ఏనాడూ అమ్మా అనే తప్ప మరో పిలుపు లేదు. "లాకౌట్ ఎత్తీసిందాకా ఈ షాపులో ఫుట్‌బాల్ చూడ్డం బంద్. లీగే కాదు, దేశం మ్యాచ్ కూడా. ఇది నోటీసు."

"నాకెందుకు బాబాయ్ నోటీసు? నేనేం లీగు నడుపుతున్నానా?"

"టీవీ ఎవరిది?"

"నాదే."

"కరెంటు బిల్లు ఎవరు కడతన్నారు?"

"నేనే."

"మరి యాజమాన్యం మీరు గాక ఎవరు? నాను ఢిల్లీ ఎల్లలేను. మోకాళ్ళు ఒప్పుకోవు."

అక్కడితో ఊరుకోవడం నా స్వభావం కాదు. చూడటం మానేస్తే ఆ ఢిల్లీ పెద్దలకి తెలుస్తుందా అన్నాను. వాళ్ళకి తెలియాలని కాదు, పని ఆగిపోయిందన్న సంగతి మనకి గుర్తుండాలని అన్నాడు. "సరే, వాళ్ళు ఆడతామంటున్నారు, మీరు చూడమంటున్నారు. ఇద్దరూ ఇలాగే ఉంటే ఆఖరికి అడిగేవాడు లేక ఆటే పోతుంది. అప్పుడు మీ సమ్మె గెలిచినట్టా?" అన్నాను.

బాబాయ్ మఫ్లరు సర్దుకుని వెళ్ళిపోయాడు. వాదంలో ఆయన్ని గెలిచింది అదే మొదటిసారి. ఆ సంతోషం ఒక్క రాత్రి మిగిలింది.

పొద్దున ఇడ్లీల వేళకే వచ్చి కోక్ ఓవెన్ల సంగతి ఎత్తాడు. కోక్ ఓవెన్లంటే బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిల వరస. ఆ వరసని బ్యాటరీ అంటారు. ఎంత పెద్ద సమ్మె జరిగినా దాన్ని చల్లారనివ్వకూడదు. ఒక్కసారి చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి, మళ్ళీ పనికిరాదు. అందుకని సమ్మెలో కూడా వేడి నిలపడానికి కొందరు డ్యూటీలో ఉంటారు. వాళ్ళని ఎవరూ ద్రోహులనరు.

"నువ్వన్నది కరెక్టే," అన్నాడు. "అందరం మానేస్తే సల్లారిపోద్ది. ఎవరో ఒకరు చూస్తా ఉండాల. ఆళ్ళు సమ్మెలో ఉన్నోళ్ళు కాకూడదు. యాజమాన్యం మనిషైతే పేచీ ఉండదు. అంచేత డ్యూటీ నీది."

"నేనా?"

"మన దేశం మ్యాచులన్నీ సూడాల. ఆడపిల్లలవి, కుర్రోళ్ళవి కూడా. లీగు ఎప్పుడు మొదలైతే అది కూడా. స్కోరు మాకు చెప్పకూడదు. వేడి ఎలగుందో అంతవరకే. ఇంకొకటి. రిలీవర్, తరవాత షిఫ్టు మనిషి, వొచ్చి ఎదర నిలబడిందాకా బ్యాటరీ ఒదిలి కదలకూడదు. రాకపోతే డబుల్ డ్యూటీ."

వాదించి గెలిస్తే దొరికేది ఇదన్నమాట.

అప్పట్నుంచి రోజూ వచ్చి, టీవీ వైపు చూడకుండా, ఓరగా కుర్చీ లాక్కుని అడిగేవాడు. "బ్యాటరీ ఎలగుందమ్మా?"

"గోరువెచ్చగా ఉంది బాబాయ్."

"డోర్లు లీకవుతున్నాయేటి?"

"ఎడం పక్క డోరు బాగా లీకు."

"ఆ డోరు ఎప్పుడూ అంతే. గేసు సరిగ్గా అందుతోందా?"

"మధ్యలోంచి అందట్లేదు. ముందున్నవాడు ఎండిపోతున్నాడు."

"అనుకున్నాను." ఇలా డిఫెన్సు, మిడ్‌ఫీల్డు, ఫార్వర్డ్ లైను మొత్తం కనుక్కుని, సమ్మెలో ఉన్న మనిషి పెట్టవలసిన ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళేవాడు.

అంతలో మన దేశం పెద్ద జట్టు మ్యాచ్ వచ్చింది. పక్కదేశంతో, మన గడ్డ మీదే. గ్రూపులో మనవాళ్ళు అట్టడుగున ఉన్నారు. గెలిస్తే ఇంకా ఊపిరున్నట్టు. బాబాయ్ వారం ముందునుంచీ ముభావంగా ఉన్నాడు. పిన్ని నాతో అంది, "ఒక్క మాట చెప్పమ్మా ఆయనకి, ఈ ఒక్కటీ చూసీమని. కూరలో ఉప్పు చాల్లేదని కూడా అనడం నేదు. భయమేస్తోంది." నేను చెప్పాను. ఆయన, "సమ్మెలో సెలవులుండవు మేడమ్‌గారూ," అన్నాడు.

చూడనన్న మనిషి ఇంట్లో కూర్చోవచ్చు కదా. కూర్చోలేడు. సమ్మె చేసేవాళ్ళు గేటు దగ్గరే ఉండాలి. కాబట్టి ఆ సాయంత్రం బృందం అంతా నా షాపుకే వచ్చి, కుర్చీలన్నీ తిప్పి, టీవీకి వీపులు పెట్టి, రోడ్డుకేసి చూస్తూ వరసగా కూర్చుంది. గ్రూపు ఫొటోకి కూర్చున్న పెళ్ళివారిలా ఉన్నారు. నేను వాళ్ళ వెనక నిలబడి, శబ్దం తీసేసిన టీవీ చూస్తున్నాను.

దారిన పోయేవాళ్ళు ఆగి వీళ్ళని చూడటం మొదలుపెట్టారు. వీళ్ళు వాళ్ళని చూస్తున్నారు. కాసేపటికి ఓ చిన్న గుంపు తయారైంది. మోటార్ సైకిలు మీద పోలీసు ఒకాయన దిగి హిందీలో అడిగాడు, ఏం జరుగుతోందని.

"మ్యాచ్ చల్ రహా హై," అన్నాడు బాబాయ్.

పోలీసాయన రోడ్డు అటూ ఇటూ చూశాడు. "కహాఁ?"

"పీఛే," అన్నాడు బాబాయ్, వెనక టీవీని బొటనవేలితో చూపిస్తూ.

"తో ఇధర్ క్యా దేఖ్ రహే హో?" మరి ఇటేం చూస్తున్నారని.

"ఇధర్ నహీఁ దేఖ్ రహే. ఉధర్ నహీఁ దేఖ్ రహే," అన్నాడు బాబాయ్ ఓపిగ్గా, ఇటు చూడటం కాదు, అటు చూడకపోవడం అని. పోలీసాయన నావంక చూశాడు. నేను టీ తీసుకోమన్నాను. ఆయన తీసుకున్నాడు. తాగుతూ వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడిపోయాడు.

సెకండ్ హాఫ్‌లో మనవాళ్ళు గోలు కొట్టారు. కుడిపక్కనుంచి వచ్చిన క్రాస్‌ని తలతో కొట్టాడు, ఇన్నాళ్ళూ బెంచీ మీద కూర్చున్నవాడే. నా గొంతులోకి వచ్చిన కేకని అక్కడే నొక్కేశాను. పుట్టి బుద్ధెరిగాక ఏ మాటనీ మింగి ఎరగనిదాన్ని.

"బ్యాటరీ?" అన్నాడు బాబాయ్, వెనక్కి తిరక్కుండానే.

"వేడిగా ఉంది."

"ఎంత?"

"బాగా."

ఆయన చెవులు కదిలాయి. నిజంగా కదిలాయి, వెనకనుంచి చూశాను. స్కోరు చెప్పకూడదన్నాడు, నేను చెప్పను. కానీ టీ ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. గ్లాసులో టీ పోసి, కొత్త సాసర్ ఒకటి తుడిచి గ్లాసు కింద పెట్టి, ముందుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

బాబాయ్ సాసర్ని చూశాడు. నన్ను చూశాడు. ఒక్కసారి తల తిప్పితే చాలు. దాదా కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. సూరిబాబు ఫోను చూసుకుంటున్నాడు. ఆ ఫోనులో ఏముందో నాకప్పుడు తట్టలేదు.

"మేడమ్," అన్నాడు బాబాయ్ చివరికి, "ఇది లంచం." సాసర్ నా చేతికి తిరిగిచ్చేసి, గ్లాసుతోనే తాగాడు. తాగుతున్నంతసేపూ రోడ్డు మీదున్న పోలీసాయన ముఖంలోకే చూశాడు. పోలీసాయన అప్పటికి వీళ్ళ ముఖాలు వదిలి టీవీ చూస్తున్నాడు. ఆ ముఖంలో మ్యాచ్ ఎంత కనిపిస్తే అంత చూశాడన్నమాట. దానికి సమ్మె నిబంధనల్లో అడ్డు లేదు.

ఆట ఆఖర్న, ఇంజురీ టైములో పోలీసాయన నోరు తెరుచుకుంది. బాబాయ్ భుజాలు దిగిపోయాయి.

"సల్లబడ్డాదా?" అన్నాడు.

"కొంచెం. చల్లారలేదు."

"చాలు," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రికి వెళ్ళాను. ఆక్సిజన్ గొట్టం ముక్కులో ఉంది. నన్ను చూడగానే అడిగాడు, లాకౌట్ ఎత్తేశారా అని. కుదిరేలా ఉంది, చిన్న సీజను పెడతారట, జీతాలు తగ్గించుకోవడానికి ఆటగాళ్ళు ఒప్పుకున్నారట అని చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సిందని వాళ్ళబ్బాయి తర్వాత నా మీద కోప్పడ్డాడు. అబద్ధం చెబితే బాబాయ్ సాక్ష్యం అడుగుతాడు.

"తగ్గించుకున్నారా," అని ముక్కులో గొట్టం సర్దుకున్నాడు. "తగ్గించుకుని ఆడితే గెలుపంటావా, ఓటమంటావా?"

"డ్రా," అన్నాను.

నవ్వొచ్చింది ఆయనకి. నవ్వు దగ్గయింది. నర్సు నన్ను బయటికి పొమ్మంది. గుమ్మం దగ్గర ఆగి, "మరి నా సంగతేమిటి బాబాయ్? నేనింకా డ్యూటీలో ఉన్నాను. నన్నెవరు రిలీవ్ చేస్తారు?" అన్నాను.

"పంపిస్తానమ్మా," అన్నాడు.

పంపించలేదు. ఆయనే వెళ్ళిపోయాడు.

నెల మాసికం అయిన కొద్దిరోజులకి లీగు మొదలైంది. మొదటి మ్యాచ్ సాయంత్రం బృందం అంతా షాపు ముందు చేరింది, లోపలికి రావడానికి మొహమాటపడుతూ. లాకౌట్ ఎత్తేసినట్టే, కానీ సమ్మెకి పిలుపిచ్చినాయన విరమించకుండా పోయాడు. ఇప్పుడు విరమించే అధికారం ఎవరిది? తనే సీనియర్‌నన్నాడు దాదా. ఓటింగ్ పెడదామన్నాడు సూరిబాబు. నీకు ఓటు లేదన్నాడు దాదా. చివరికి పూర్తిగా ఇటూ కాక అటూ కాక కుర్చీలు పక్కవాటుగా వేసుకుని, మెడలు నొప్పెట్టేలా కూర్చున్నారు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. నాకు ఎదర ఎవరూ వచ్చి నిలబడలేదు కదా.

ప్లాంటులో షిఫ్టు మారే వేళ దాటిపోయింది. ఆటో ఒకటి ఆగింది. పిన్ని దిగింది. చేతిలో బాబాయ్ టిఫిన్ క్యారియరు ఉంది. ఫుట్‌బాల్‌తో ఆవిడకున్న పరిచయం ఒక్కటే. ఇంట్లో ఆయన మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటే కందిపప్పు పొయ్యి మీద పెట్టేదట, మనవాళ్ళు ఓడేసరికి సరిగ్గా ఉడికేదట.

తిన్నగా వచ్చి నా ఎదర నిలబడింది.

"నువ్వు డ్యూటీలో ఉండిపోనావంట కదా. మీ బాబాయ్ ఆసుపత్రిలో చెప్పేరు. ఎదర నిలబడి రిలీవ్ చెయ్యాలంట. నాకు ఇన్నాళ్ళూ గుమ్మం దాటడం అవనేదు. ఆలీసమైపోనాది, ఏటనుకోకు."

దాదా లేచి నిలబడ్డాడు.

పిన్ని మూల కుర్చీ దగ్గరికెళ్ళింది. అది ఇంకా రోడ్డు వైపే ఉంది. ఎవరూ తిప్పలేదు. ఆవిడ రెండు చేతులతో దాన్ని లాగి, టీవీకెదురుగా తిప్పి కూర్చుంది. చూస్తుండగానే మిగతా కుర్చీలన్నీ గరగరమని తిరిగాయి.

"ఈళ్ళలో మనోళ్ళు ఏ రంగు?" అని అడిగింది.

"ఇది లీగు పిన్నీ. రెండు జట్లూ మనవే."

ఆవిడ క్యారియరు ఒళ్ళో సర్దుకుంది. "అయితే ఎవరు గోలు కొట్టినా మనోళ్ళే ముందున్నట్టా?"

"అంతే కదా మరి."

"ఈ మాట ఆయనకెవరూ చెప్పనేదా," అంది. "సాసర్ అట్టుకురా."

టీ ఇచ్చాను, సాసర్‌తో సహా. పక్కన బల్ల మీద పెట్టుకుని, "ఇంకా ఇక్కడే ఉన్నావేటి? డ్యూటీ దిగినోళ్ళు లోపల తిరక్కూడదు. ఎల్లు," అంది. నా షాపులోంచి నన్నే. వాదించబోయాను. దాదా గుమ్మం దగ్గరున్న నా చెప్పులు చూపించాడు.

రోడ్డు దాటి అవతల నిలబడ్డాను. అంత దూరం నుంచి టీవీ ఆకుపచ్చ మరకలా ఉంది. ఎవరు ఎవరో, బంతి ఎక్కడుందో తెలియలేదు. కొంతసేపటికి ఎవరో కుర్చీ ఎక్కారు. పిన్ని గ్లాసు వంచి సాసర్‌లో టీ పోసుకోవడం మాత్రం స్పష్టంగా కనిపించింది.